తుపాకీ చట్టం దేనిని ఆపుతుంది, దేనిని ఆపలేదు

1996 మార్చి 13న స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ అనే చిన్న ఊళ్లో ఒక వ్యక్తి ప్రాథమిక పాఠశాల వ్యాయామశాలలోకి చొరబడి 16 మంది పసిపిల్లలను, వారి ఉపాధ్యాయురాలిని కాల్చి చంపాడు. నెలన్నర తిరిగేసరికి, ఏప్రిల్ 28న, ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా దీవిలో పోర్ట్ ఆర్థర్ అనే పర్యాటక స్థలంలో మరొకడు 35 మందిని పొట్టనబెట్టుకున్నాడు. డన్‌బ్లేన్ హంతకుడి చేతిలోని పిస్టళ్లకు, రివాల్వర్లకు లైసెన్సు ఉంది. పోర్ట్ ఆర్థర్ హంతకుడికి అసలు లైసెన్సే లేదు. అతను వాడినవి సైనికుల తుపాకులను పోలిన సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి తరువాతిది దానంతటదే సిద్ధమయ్యేవి. రెండు దేశాలూ ఏడాదిన్నర, రెండేళ్లలోపే తమ తుపాకీ చట్టాలను గట్టిగా బిగించాయి. ఆ తరువాత గడిచిన మూడు దశాబ్దాల అంకెలను చూపించి, కఠినమైన చట్టం నేరాన్ని తగ్గిస్తుందని ఒక పక్షం, తగ్గించదని మరో పక్షం ఇవాళ్టికీ వాదించుకుంటూనే ఉన్నాయి. ఇరుపక్షాలూ ఎక్కువగా ఉదహరించేది ఈ రెండు దేశాలనే.

ఈ వాదన తెగకపోవడానికి మూలం ప్రశ్నలోనే ఉంది. హింసాత్మక నేరం అన్న ఒక్క మాట కింద కొట్లాట, దోపిడీ, అత్యాచారం, హత్య అన్నీ చేరిపోతాయి. పైగా వీటిని లెక్కకట్టే పద్ధతి దేశానికొక తీరుగా ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్ పోలీసు లెక్కల్లో గాయం కాని దాడులు కూడా హింస కిందే నమోదవుతాయి. అమెరికాలో ఎఫ్‌బీఐ ప్రకటించే హింసాత్మక నేరాల రేటులోకి దాడుల్లో తీవ్రమైనవి మాత్రమే వస్తాయి. ఈ తేడాను పట్టించుకోకుండా రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, తుపాకులు లాగేసుకున్నాక బ్రిటన్ అమెరికాను మించిన హింసాత్మక దేశమైందని చెప్పే వాదన ఏళ్ల తరబడి చలామణీలో ఉంది. మానికతో కొలిచిన ధాన్యాన్ని కాటా మీద తూచిన ధాన్యంతో పోల్చడం లాంటిది ఇది. దేశాల మధ్య కాస్త నమ్మకంగా పోల్చదగినది హత్యల లెక్క ఒక్కటే. దాడికి ఎవరు ఏ పేరు పెట్టుకున్నా, మనిషి చనిపోయాక ఆ మరణాన్ని నమోదు చేయకుండా వదిలేయడం ఏ పోలీసు వ్యవస్థకైనా కష్టం.

హత్యల లెక్క పట్టుకుని వెళితే మొదట ఎదురయ్యే మాట అందరికీ తెలిసినదే: చంపాలనుకున్నవాడు తుపాకీ దొరక్కపోతే కత్తితోనైనా చంపుతాడు. ఈ మాటను పరీక్షకు పెట్టినవాడు ఫ్రాంక్లిన్ జిమ్రింగ్ అనే అమెరికన్ న్యాయశాస్త్ర పరిశోధకుడు. 1960లలోని షికాగో పోలీసు రికార్డులను తిరగేసి తుపాకీ దాడులనూ కత్తి దాడులనూ ఆయన పోల్చి చూశాడు. రెండింటి వెనకా ఉన్న తగాదాలు ఒకే రకానివి: ఇరుగుపొరుగు గొడవ, తాగిన మైకంలో మాటామాటా పెరగడం, ఇంట్లో ఘర్షణ. చంపి తీరాలని ముందే నిశ్చయించుకుని వచ్చినవాళ్లు వాళ్లలో కొద్దిమందే. చాలా దాడులు ఒక్క తూటాతోనో ఒక్క పోటుతోనో ఆగిపోయాయి. అయినా తుపాకీ దాడి ప్రాణం తీసే అవకాశం కత్తి దాడి కంటే దాదాపు 5 రెట్లు ఎక్కువని తేలింది. తరువాత 1990లలో ఆయనే లండన్‌ను న్యూయార్క్‌తో పోల్చి, దొంగతనాల్లోనూ ఇళ్లలో చోరీల్లోనూ లండన్ ఏమీ తీసిపోలేదని, ఆ నేరాల్లో పోయే ప్రాణాలు మాత్రం న్యూయార్క్‌లో పదుల రెట్లు ఎక్కువని చూపించాడు. అమెరికన్లు మిగతా సంపన్న దేశాలవారికంటే ఎక్కువగా దొంగతనం చేయరు, ఎక్కువగా కొట్టుకోరు. వాళ్ల కొట్లాటలు మాత్రం ఎక్కువగా చావులతో ముగుస్తాయి.

తెలుగువారికి ఈ సంగతి పరాయిది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేత పట్టణంలో ఇద్దరు తెలుగు ఇంజనీర్లు పని ముగించుకుని ఒక బార్‌లో కూర్చుని ఉండగా, జాతి ద్వేషంతో ఒకడు వచ్చి వారిని దూషించాడు. అతన్ని బయటికి పంపించేశారు. కొద్దిసేపటికి అతను తుపాకీతో తిరిగి వచ్చి కాల్పులు జరిపాడు. హైదరాబాద్‌కు చెందిన ఇంజనీరు చనిపోయాడు, ఆయన మిత్రుడు గాయపడ్డాడు, అడ్డుకోబోయిన అమెరికన్ కూడా గాయపడ్డాడు. ద్వేషం చట్టంతో పోయేది కాదు. కానీ ఆ సాయంత్రం బయటికి పోవడానికీ తిరిగి రావడానికీ మధ్య ఉన్న కొద్దిపాటి సమయంలో చేతికి ఏది అందిందన్నదే ఒక ప్రాణం ఉండటానికీ పోవడానికీ మధ్య తేడా అయింది.

దీనికి అవతలి కొసన రాయలసీమ ఫ్యాక్షన్ కక్షలు కనిపిస్తాయి. భారతదేశంలో తుపాకీ లైసెన్సు దొరకడం కష్టం. అయినా దశాబ్దాల పాటు అక్కడ మనుషులు నాటు బాంబులతో, వేటకొడవళ్లతో ఒకరినొకరు చంపుకున్నారు. కక్ష ఉన్నచోట ఆయుధానికి కొదవ ఉండదనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఆ హత్యలు జరిగిన తీరును గమనించాలి. బాంబులు చుట్టేవాళ్లు కావాలి, జీపులు కావాలి, దారికాచడానికి పది ఇరవై మంది మనుషులు కావాలి, వాళ్లను పోషించే నాయకుడు కావాలి. ఏ కక్షా లేని ఒంటరివాడు ఒక మధ్యాహ్నం పూట బడిలోకో బజారులోకో వెళ్లి ముక్కూమొహం తెలియని 30 మందిని చంపడం ఆ పద్ధతిలో కుదిరే పని కాదు. ఆయుధం మారితే హత్య ఆగకపోవచ్చు గానీ, ఎవరు చంపగలరు, ఎంతమందిని చంపగలరు అన్నది మారిపోతుంది.

ఆస్ట్రేలియా చేసిన పనిని ఈ కోణంలోంచి చూస్తే బాగా అర్థమవుతుంది. ప్రధానిగా జాన్ హోవర్డ్ పదవి చేపట్టి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆయనది సంప్రదాయవాద పార్టీ. తుపాకులున్న రైతులు, వేటగాళ్లు చాలామంది ఆ పార్టీ ఉన్న కూటమి ఓటర్లే. అయినా కాల్పులు జరిగిన 12 రోజులకే అన్ని రాష్ట్రాలనూ కూర్చోబెట్టి జాతీయ ఒప్పందం కుదిర్చాడు. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు, పంప్ యాక్షన్ షాట్‌గన్‌లు సామాన్యులకు దాదాపుగా నిషిద్ధమయ్యాయి. ప్రతి తుపాకీకీ రిజిస్ట్రేషన్, కొనడానికి 28 రోజుల నిరీక్షణ, లైసెన్సు అడిగేవారు సరైన కారణం చూపాలన్న షరతు వచ్చాయి. ఆత్మరక్షణ సరైన కారణం కాదని స్పష్టంగా రాశారు. ఆరోగ్య బీమా పన్నును ఒక్క ఏడాదికి కొద్దిగా పెంచి, ఆ డబ్బుతో సుమారు 6.5 లక్షల తుపాకులను జనం దగ్గర కొని ధ్వంసం చేశారు. విక్టోరియా రాష్ట్రంలోని సేల్ అనే ఊళ్లో ఆగ్రహంతో ఉన్న తుపాకీదారుల సభలో మాట్లాడటానికి వెళ్లినప్పుడు హోవర్డ్ కోటు లోపల బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా తొడుక్కున్నాడు. అది కోటు కింద ఉబ్బెత్తుగా కనబడిపోయింది. తన సొంత ఓటర్ల ముందు అలా నిలబడాల్సి రావడం తరువాత ఆయనను బాధించింది.

ఫలితం ఏమిటి? ఒప్పందానికి ముందు 18 ఏళ్లలో ఐదుగురికి తగ్గకుండా చనిపోయిన సామూహిక కాల్పులు 13 జరిగాయి. తరువాత 22 ఏళ్ల పాటు అలాంటిది ఒక్కటీ జరగలేదు. 2018లో ఒక కుటుంబంలో జరిగిన ఘోరంతో ఆ వరుస తెగింది. ఇది కాకతాళీయమని నమ్మడం కష్టం. మామూలు హత్యల సంగతి మాత్రం ఇంత తేటగా లేదు. ఆస్ట్రేలియాలో తుపాకీ హత్యలు 1996కు ముందు నుంచే తగ్గుముఖంలో ఉన్నాయి, తరువాతా తగ్గాయి. ఆ తగ్గుదలలో చట్టం వాటా ఎంతో గణాంకాలతో విడదీసి చెప్పడంలో పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. అసలే తక్కువగా ఉన్న హత్యల్లో ఇంకొంత తగ్గుదల వస్తే, అది ధోరణి వల్లనా చట్టం వల్లనా అన్నది లెక్కలు తేల్చలేవు. చట్టం విఫలమైందని చెప్పేవారు ఈ తేలకపోవడాన్నే రుజువుగా చూపిస్తారు. తేలకపోవడం వేరు, ప్రభావం లేదని తేలడం వేరు.

చట్టం ముద్ర అన్నింటికంటే స్పష్టంగా పడింది ఆత్మహత్యల మీద. నేరాల చర్చలో ఆత్మహత్య ఎందుకని అనిపించవచ్చు. కానీ ఆ మరణాలను పక్కన పెడితే తుపాకీ చట్టాల ప్రయోజనంలో పెద్ద భాగమే కనబడకుండా పోతుంది. 2021లో అమెరికాలో తుపాకీ మరణాలు 48,830. అందులో సగానికి పైగా, 26 వేలకు మించినవి ఆత్మహత్యలు, సుమారు 21 వేలు హత్యలు. తుపాకీతో ఆత్మహత్యకు పాల్పడినవారిలో పదింట తొమ్మిది మంది దాకా బతకరు; మాత్రలు మింగినవారిలో అత్యధికులు బతికి బయటపడతారు, వారిలో చాలామంది మళ్లీ ఆ ప్రయత్నం చేయరు. ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఒక చిన్న నిబంధన తెచ్చింది: వారాంతంలో ఇంటికి వెళ్లే సైనికులు తుపాకీని స్థావరంలోనే వదిలి వెళ్లాలి. సైనికుల ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి, తగ్గినవన్నీ దాదాపుగా వారాంతపు ఆత్మహత్యలే. స్విట్జర్లాండ్ 2003 తరువాత తన సైన్యాన్ని సగానికి కుదించినప్పుడు ఇళ్లలో ఉండే సైనిక రైఫిళ్లు తగ్గాయి, ఆ వయసు పురుషుల ఆత్మహత్యలూ తగ్గాయి; మరో పద్ధతికి మళ్లినవారు కొద్దిమందే. తెలుగు పల్లెల్లో పురుగుల మందు తాగి పోయిన ప్రాణాలను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. శ్రీలంక 1990లలో తీవ్ర విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తే పదేళ్లలో అక్కడి ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. అప్పులు పోలేదు, కష్టాలు పోలేదు. ఆ క్షణంలో అందుబాటులో ఉన్న విషం మాత్రం మారింది.

బ్రిటన్ కథ చట్టాన్ని వ్యతిరేకించేవారికి ఎక్కువ పనికొచ్చింది. 1997లో రెండు చట్టాల ద్వారా పిస్టళ్లు, రివాల్వర్లు దాదాపు పూర్తిగా నిషిద్ధమై, 1.6 లక్షలకు పైగా చేతి తుపాకులు ప్రభుత్వానికి చేరాయి. తరువాత కొన్నేళ్ల పాటు ఇంగ్లండ్, వేల్స్‌లో చేతి తుపాకీ నేరాలు తగ్గకపోగా పెరిగాయి. 2000ల తొలినాళ్ల తరువాతే దిగిరావడం మొదలైంది. కారణం వెతికితే దొరుకుతుంది. ప్రభుత్వానికి చేరినవి షూటింగ్ క్లబ్బుల సభ్యుల తుపాకులు. లండన్, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ ముఠాల చేతుల్లో ఉన్నవి దొంగచాటుగా దేశంలోకి వచ్చినవి, ఎయిర్ పిస్టళ్లను, ఉత్తుత్తి తుపాకులను మార్చి తయారుచేసినవి. నిషేధం వాటిని తాకనే లేదు. ఆ మార్పిడికి అనువైన రకాలను తరువాతి చట్టాలు మూశాకే, పోలీసులు ముఠాల సరఫరా మీద పడ్డాకే పరిస్థితి మారింది. ఇప్పుడు సుమారు 6 కోట్ల జనాభా ఉన్న ఇంగ్లండ్, వేల్స్‌లో ఏడాదికి తుపాకీ కాల్పుల్లో హత్యకు గురయ్యేవారు 30 మంది అటూ ఇటూ. హత్యల్లో ఐదింట రెండు వంతులు కత్తులతో జరుగుతున్నాయి, కుర్రాళ్ల మధ్య కత్తిపోట్లు అక్కడ నిజంగానే పెద్ద సమస్య. ఆ కుర్రాళ్ల జేబుల్లో కత్తుల బదులు పిస్టళ్లు ఉండి ఉంటే ఆ లెక్క ఎక్కడికి పోయేదో షికాగో చూపించే ఉంది.

చట్టం అంటే అందరి కళ్లూ నిషేధం మీదికే పోతాయి, వార్తలకెక్కేదీ అదే. 1994 నుంచి 2004 దాకా అమెరికాలో అసాల్ట్ రైఫిళ్ల (సైనిక తుపాకులను పోలినవాటి) అమ్మకం మీద సమాఖ్య నిషేధం ఉండేది. దానివల్ల మొత్తం హత్యలు తగ్గినట్టు పరిశోధకులకు స్పష్టంగా కనబడలేదు. కనబడకపోవడంలో వింత లేదు: అక్కడి తుపాకీ హత్యల్లో అన్ని రకాల రైఫిళ్ల వాటా కలిపినా అతి స్వల్పం, అత్యధికం చేతి తుపాకులతో జరిగేవే. ఫలానా నమూనా తుపాకీ ఉండకూడదనే నియమం కంటే, ఎవరికి అమ్ముతున్నామో అమ్మే ముందు చూసే నియమం ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని ఇప్పటిదాకా ఉన్న సాక్ష్యం చెబుతోంది. మిస్సోరి రాష్ట్రం దీనికి మంచి ఉదాహరణ. 2007 వరకు అక్కడ చేతి తుపాకీ కొనాలంటే, దుకాణంలో కొన్నా పక్కింటివాడి దగ్గర కొన్నా, ముందుగా కౌంటీ షెరీఫ్ (జిల్లా పోలీసు అధికారి లాంటివాడు) కార్యాలయానికి స్వయంగా వెళ్లి అనుమతి పత్రం తెచ్చుకోవాలి. నేరచరిత్ర ఉన్నవాడు ఆ మెట్లు ఎక్కడానికే జంకుతాడు. అతని తరఫున కొనిపెట్టే స్నేహితుడు కూడా తన పేరు అక్కడ రాయించుకోవడానికి వెనకాడతాడు. 2007 ఆగస్టులో ఆ నియమాన్ని ఎత్తివేశారు. లైసెన్సు ఉన్న డీలర్ల దగ్గర కొనేవారి నేరచరిత్ర చూసే సమాఖ్య తనిఖీ మిగిలింది గానీ, వ్యక్తుల మధ్య అమ్మకాల మీద ఏ కన్నూ లేకుండా పోయింది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ వెబ్‌స్టర్ బృందం చూసేసరికి ఆ రాష్ట్రంలో తుపాకీ హత్యలు పెరిగాయి, తుపాకీ లేని హత్యలు అలా పెరగలేదు. నేరస్థలాల్లో దొరికిన తుపాకుల్లో ఆ రాష్ట్రంలోనే ఇటీవల అమ్ముడైనవి ఎక్కువయ్యాయి. 1995లో అలాంటి నియమాన్నే కొత్తగా పెట్టుకున్న కనెటికట్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, తుపాకీ హత్యలు తగ్గాయి.

మంచివాళ్ల దగ్గర తుపాకులుంటే నేరస్థులు భయపడతారన్న వాదనకూ న్యాయం చేయాలి. 1990లలో అమెరికాలో రాష్ట్రం తరువాత రాష్ట్రం తుపాకీ వెంట పెట్టుకుని తిరిగే హక్కును సులభం చేస్తున్నప్పుడు, దానివల్ల నేరాలు తగ్గాయని చూపిన అధ్యయనాలు వచ్చాయి. 2004లో అమెరికా జాతీయ పరిశోధన మండలి వాటిని పరిశీలించి, ఎటూ తేల్చగలిగినంత ఆధారం లేదని చెప్పింది. తరువాత మరిన్ని ఏళ్ల లెక్కలు చేరాక స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డొనహ్యూ తదితరులు చేసిన విశ్లేషణలో, అలాంటి చట్టం తెచ్చిన రాష్ట్రాల్లో పదేళ్ల తరువాత హింసాత్మక నేరాల రేటు, తేకపోతే ఉండే రేటు కంటే సుమారు 13 నుంచి 15 శాతం ఎక్కువగా ఉంటుందని అంచనాకు వచ్చారు. వీధిలో తుపాకులు పెరిగితే కార్లలోంచి దొంగిలించబడే తుపాకులూ పెరుగుతాయి, ప్రతి చిన్న గొడవలోనూ పోలీసులు మరింత జాగ్రత్తగా, మరింత నెమ్మదిగా మెలగాల్సి వస్తుంది. ఆత్మరక్షణ కోసం తుపాకీ వాడిన సందర్భాలు ఏడాదికి లక్ష లోపని ఒక సర్వే, 25 లక్షలని మరో సర్వే చెబుతాయి. ఇంత దూరంగా ఉన్న రెండు అంకెల మీద విధానాన్ని నిలబెట్టలేం. ఇలాంటి ప్రశ్నలకు మంచి సమాధానాలు లేకపోవడానికి ఒక కారణం, 1996లో అమెరికా కాంగ్రెస్ పెట్టిన షరతు వల్ల అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రెండు దశాబ్దాలకు పైగా తుపాకీ పరిశోధనకు దాదాపుగా దూరంగా ఉండిపోవడం.

చట్టం ఎంత గట్టిదైనా అది సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, తుపాకీ ఆగదు. ఇల్లినాయి రాష్ట్ర చట్టాలు కఠినమైనవే అయినా ఆ రాష్ట్రంలోని షికాగోలో హత్యలు ఎందుకు ఆగలేదని అడుగుతుంటారు. నగరంలో నేరాల్లో పట్టుబడిన తుపాకుల్లో సగానికి పైగా ఇల్లినాయి బయటి నుంచి వచ్చినవని, అందులో పెద్ద వాటా పక్కనే ఉన్న ఇండియానా రాష్ట్రానిదని నగర పోలీసుల సొంత నివేదికే చెప్పింది. మెక్సికోలో ఇదే కథ దేశం మొత్తానికి వర్తిస్తుంది. అక్కడ చట్టబద్ధంగా తుపాకీ అమ్మే దుకాణాలు రెండే, రెండూ సైన్యం నడిపేవి. అయినా హత్యల రేటు ఇటీవలి సంవత్సరాల్లో లక్ష జనాభాకు పాతిక దాటింది. నేరాల్లో పట్టుబడి, జాడ తీయగలిగిన తుపాకుల్లో మూడింట రెండు వంతులకు పైగా అమెరికా నుంచి వచ్చినవే. 2004లో అమెరికా సమాఖ్య నిషేధం ముగిసినప్పుడు కాలిఫోర్నియా తన సొంత నిషేధాన్ని నిలుపుకుంది; టెక్సస్, అరిజోనా, న్యూ మెక్సికోలలో అలాంటిది లేదు. ఆ మరు సంవత్సరాల్లో టెక్సస్, అరిజోనాలకు ఆనుకున్న మెక్సికో పట్టణాల్లో హత్యలు పెరిగాయి, కాలిఫోర్నియాకు ఆనుకున్న పట్టణాల్లో అంతగా పెరగలేదు. ఒక దేశపు చట్టం వదులైతే పొరుగు దేశంలో శవాలు లేస్తాయని ఇంత స్పష్టంగా చూపిన సందర్భాలు అరుదు.

తుపాకీ బయటి నుంచే రావాలని కూడా లేదు. దక్షిణాఫ్రికా 2000లో తెచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం 2004 నుంచి పూర్తిగా అమలైంది. 1990ల మధ్యలో లక్షకు 60 దాటిన హత్యల రేటు 2011 నాటికి దాదాపు 30కి దిగింది. ఆ తగ్గుదలలో ఈ చట్టానికీ చెప్పుకోదగ్గ పాత్ర ఉందని అక్కడి అధ్యయనాలు చూపాయి. తరువాత రేటు మళ్లీ ఎగబాకి 45 దాకా చేరింది. జనం అప్పగించిన, ధ్వంసం చేయాల్సిన తుపాకులను కాపలా కాయాల్సిన పోలీసు కల్నల్ ఒకడు సుమారు 2,000 తుపాకులను కేప్ టౌన్ శివార్లలోని ముఠాలకు అమ్ముకున్నాడని 2016లో కోర్టులో రుజువైంది. చట్టం తుపాకులను వీధిలోంచి గదిలోకి చేర్చింది, ఆ గది తాళం చెవి ఉన్నవాడు వాటిని మళ్లీ వీధిలోకి పంపాడు.

చట్టం బిగిస్తే హత్యలు తగ్గుతాయి, వదిలేస్తే పెరుగుతాయి అన్న సూత్రానికి నేరుగా ఎదురు నిలిచే దేశం బ్రెజిల్. 2003లో కఠిన చట్టం వచ్చింది. 2005 ప్రజాభిప్రాయ సేకరణలో తుపాకుల అమ్మకాన్ని పూర్తిగా నిషేధించాలన్న ప్రతిపాదనను 64 శాతం మంది తిరస్కరించారు. 2017లో హత్యలు 60 వేలు దాటి శిఖరానికి చేరాయి. 2019లో అధ్యక్షుడు బోల్సోనారో వరుస ఉత్తర్వులతో నిబంధనలు సడలించాడు, రిజిస్టరైన తుపాకులు కొన్ని రెట్లు పెరిగాయి, అయినా హత్యలు 2022 నాటికి 50 వేల లోపుకు తగ్గాయి. ఈ వాస్తవాన్ని దాచి వాదన గెలవాలని చూడటం సరికాదు. 2016, 17లలో దేశంలోని రెండు పెద్ద ముఠాల మధ్య యుద్ధం చెలరేగింది. ఆ యుద్ధమే పెరుగుదలకూ, తరువాత అది చల్లబడటమే తగ్గుదలకూ ముఖ్య కారణమని అక్కడి నిపుణులు ఎక్కువమంది చెబుతారు. ముఠాలు పాలించే చోట లైసెన్సు నిబంధనల ప్రభావం ముఠాల రాజీ కంటే చాలా చిన్నది.

భారతదేశం, చట్టం బాగా పనిచేసిన దేశాలకూ అంతగా పనిచేయని దేశాలకూ మధ్య ఎక్కడో ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం కలెక్టరో పోలీసు కమిషనరో ఇచ్చే లైసెన్సు లేనిదే తుపాకీ ఉంచుకోకూడదు. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సుదారులు తమ తుపాకులను ఠాణాలో జమ చేసి రసీదు తీసుకోవడం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ప్రతిసారీ కనిపించే దృశ్యమే. జాతీయ నేర రికార్డుల లెక్క ప్రకారం 2022లో హత్యల రేటు లక్షకు 2 చిల్లర, ఆ ఏడాది అమెరికా రేటులో దాదాపు మూడో వంతు. పట్టుబడే తుపాకుల్లో అత్యధికం లైసెన్సు లేనివి, బీహార్‌లోని ముంగేర్ లాంటి చోట్ల దొంగచాటుగా తయారైనవి. చట్టం అక్రమ తుపాకీని మాయం చేయలేదు, కానీ దాని రూపాన్ని మార్చింది: ఒక్కొక్క తూటా ఎక్కించుకోవలసిన, సరిగ్గా పేలుతుందో లేదో తెలియని, కొన్నిసార్లు పట్టుకున్నవాడి చేతినే చీల్చే నాటు తుపాకీ సామాన్య నేరస్థుడికి మిగిలింది. అమెరికాలో అదే స్థాయి నేరస్థుడి జేబులో ఫ్యాక్టరీలో తయారైన, పదిహేను తూటాలు పట్టే పిస్టల్ ఉంటుంది.

జపాన్‌లో ఒక షాట్‌గన్ కోసం మనిషి ఏమేం దాటాలో చూస్తే లైసెన్సు అనే మాటకు అర్థం ఎంత విస్తరించగలదో తెలుస్తుంది. ముందు తరగతికి హాజరై రాతపరీక్ష రాయాలి, తరువాత షూటింగ్ రేంజ్‌లో ప్రయోగ పరీక్ష. మానసిక ఆరోగ్యం, మత్తు పదార్థాల విషయంలో డాక్టరు ధ్రువపత్రం ఇవ్వాలి. పోలీసులు కుటుంబ సభ్యులతో మాట్లాడతారు, ఇరుగుపొరుగును వాకబు చేస్తారు, ఇంటికి వచ్చి తుపాకీ పెట్టే ఇనుప బీరువానూ తూటాలు విడిగా పెట్టే పెట్టెనూ చూస్తారు. వాడిన ప్రతి తూటాకూ లెక్క రాయాలి. మూడేళ్లకోసారి మళ్లీ పునరుద్ధరణ. తుపాకీ మరణాలు చాలా సంవత్సరాల్లో పదికి లోపే ఉంటాయి. 2022 జూలైలో మాజీ ప్రధాని షింజో అబేను ఒకడు చంపాడు. చట్టం దొరకనివ్వలేదు కాబట్టి పైపులతో తుపాకీని ఇంట్లో చేసుకున్నాడు. పూర్తి రక్షణ ఎక్కడా లేదనడానికి అది నిదర్శనం, అయితే అతను ఆ పని చేయడానికి నెలల తరబడి కష్టపడాల్సి వచ్చింది.

లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆ జాగ్రత్త ఉన్నట్టు కాదు. 2025 డిసెంబరులో సిడ్నీలోని బోండై బీచ్‌లో యూదుల పండుగ వేడుక మీద జరిగిన కాల్పుల్లో 15 మంది చనిపోయారు. దాడిచేసిన తండ్రీకొడుకుల్లో తండ్రికి తుపాకీ లైసెన్సు ఉంది, అతని పేరు మీద ఆరు తుపాకులున్నాయి. 1996 ఒప్పందం సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను తొలగించింది గానీ, ఒక మనిషికి ఎన్ని తుపాకులు కావాలన్న ప్రశ్నను చాలా రాష్ట్రాల్లో తెరిచే ఉంచింది. ఆస్ట్రేలియా ఇప్పుడు ఆ ప్రశ్న దగ్గరికి తిరిగి వచ్చి, తుపాకుల కొనుగోలు పథకాన్ని మరోసారి ప్రకటించింది.

బ్రిటన్‌లో అదే పాఠం అంతకుముందే ఎదురైంది. ప్లిమత్ నగరంలో ఒక యువకుడు పార్కులో ఇద్దరు పిల్లల మీద చేయి చేసుకోవడంతో 2020 డిసెంబరులో పోలీసులు అతని షాట్‌గన్‌నూ లైసెన్సునూ స్వాధీనం చేసుకున్నారు. కోపాన్ని అదుపులో పెట్టుకునే శిక్షణకు అతన్ని పంపారు. 2021 జూలై 9న తుపాకీ, లైసెన్సు రెండూ అతనికి తిరిగి ఇచ్చేశారు. ఆగస్టు 12న అతను ఆ తుపాకీతోనే తన తల్లిని, తరువాత వీధిలో మూడేళ్ల పాపతో సహా నలుగురిని చంపాడు. ఆ ఏడాది నవంబరులో అక్కడి ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు తెచ్చింది: దరఖాస్తుదారు ఆరోగ్యం గురించి డాక్టరు ఇచ్చిన సమాచారాన్ని చూడకుండా ఏ పోలీసు విభాగమూ ఇకపై తుపాకీ లైసెన్సు ఇవ్వకూడదు.